పొట్టేలూ ప్రోస్టేటూ

ఆ రోజు తమిళనాడులో కోవిల్‌పట్టి నుంచి విరుదునగర్ వెళ్లే బస్సులో, నేను ఫోన్లో తెలుగు మాట్లాడటం విని, పక్క సీటు పెద్దాయన తన ప్రోస్టేట్ క్యాన్సర్ సంగతి చెప్పాడు. మొదట్లోనే బయటపడిందట.

"కులసామికి పొట్టేలు కొట్టేది నిలిపితిని. అందుకే వచ్చిందని మా అన్న నాతో మాట్లాడడు."

నాకు మండింది. "పెద్దవయసు మగవాళ్లలో ఇది చాలామందికి వస్తుందయ్యా. వయసే మొదటి కారణం. తండ్రికో తోడబుట్టినవాడికో ఉంటే అవకాశం ఇంకా ఎక్కువ. పొట్టేలుకేం సంబంధం?"

"తోడబుట్టినోడికా?" ఆయన వెంటనే ఫోన్ తీశాడు. "అన్నా, కోపం పక్కన పెట్టు. నువ్వూ పోయి డాక్టరుకు చూపించుకో."

అవతలి తిట్లు నాకూ వినిపించాయి. పెద్దాయన ముఖం విప్పారింది.

"తిడతాండాడు తమ్ముడా! మాట్లాడె, అది చాలు."