సోడాతో కడిగిన ఇసుక

మధ్యాహ్నం రెండున్నర ప్రాంతంలో సీతాఫల్‌మండిలో ఫలక్‌నుమా లోకల్ ఎక్కాను. సంచిలో ఖాళీ సీసాలు, గౌలిపురలో పాల వ్యాపారం చేసుకునే మా సత్తెమ్మక్క ఇంటి నీళ్ల రిపోర్టు ఉన్నాయి. వాళ్ల బోరు నీళ్లలో యురేనియం ఉందని రెండేళ్ల కిందట తేలింది. అది ఎవరో కలిపింది కాదు, కింద ఉన్న గ్రానైటు రాయిలోదే. అప్పటికే బావ మల్లేశ్ కిడ్నీలు చెడి, డయాలిసిస్‌కు తిరుగుతున్నాడు. నీళ్ల వల్లనో కాదో డాక్టరు తేల్చలేదు. అయినా భయపడి, ఇసుకలో ఎర్రమట్టి, ఇనుప తుప్పు కలిపి ఫిల్టర్ తొట్టి కట్టించుకున్నారు. మట్టి, తుప్పు యురేనియాన్ని గట్టిగా పట్టుకుంటాయి. మొదట్లో నీళ్లు బాగానే వచ్చాయి. ఈసారి తొట్టి దాటిన నీళ్లలో బోరు నీళ్లకంటే ఎక్కువ యురేనియం వచ్చింది. ఎందుకో తెలుసుకోకుండా బావ చేత ఆ నీళ్లు తాగించడానికి మనసొప్పలేదు.

కాచిగూడ దాటాక సీటు దొరికింది. మూసీ మీదికి రాగానే అందరూ ముక్కులు మూసుకున్నారు. పక్కనున్న వెల్డింగ్ మేస్త్రీ నా సీసాలు చూసి, నీళ్ల పరీక్షకా అని అడిగాడు. అవునన్నాను.

"మా గల్లీల మాత్రం చెయ్యకుర్రి అన్నా. తెలిసినంక తాగుడెట్ల?" అన్నాడు. నవ్వుతాడేమోనని చూశాను, నవ్వలేదు.

ఉప్పుగూడ స్టేషన్ బయట షేర్ ఆటోలుంటాయి. గౌలిపుర వెళ్లేవాళ్లు గల్లీ మొదట్లోనే దిగి నడవడం మేలు, లోపల బర్రెలు ఆటోకు దారివ్వవు.

అక్క చాయ్ ఇచ్చింది. బావ మంచం మీద పడుకుని ఉన్నాడు, కాళ్లు వాచాయి. నేను చాయ్ పట్టుకునే తొట్టి దగ్గరికి పోయాను. ఇన్నాళ్లు వాడిన ఇసుక ఎర్రగా, జిగురు పట్టి ఉండాలి. ఎరుపైతే ఉంది గానీ, జిగురు లేకుండా కడిగినట్టు మెరుస్తోంది. ఎప్పుడు కడిగావని అడిగాను.

"అమావాస్యకోసారి బట్టల సోడా నీళ్లు పోసి కడుగుత. ఈ నీళ్లతోనే పాల క్యాన్లు తోముతం గద, పాలింట్ల సోడా తగలని వస్తువుంటదా?" అంది. అత్త నేర్పిన శుభ్రమట. కోడలిగా వచ్చిన నాటి నుంచి ఆ మాట తప్పలేదు.

సోడా నీళ్లు యురేనియం మీద మట్టికీ తుప్పుకీ ఉన్న పట్టును వదిలిస్తాయి. నెల పొడుగునా తొట్టి దాచుకున్న యురేనియమంతా కడిగిన రోజే కొట్టుకొస్తుంది. రెండుసార్లు నీళ్లు పోసి వదిలేసి, మూడో బిందె నుంచి తాగడానికి పడుతోంది మా అక్క. మెల్లగా చెబుదామనుకున్నాను గానీ, ఇలాంటి మాటకు మెల్లగా చెప్పే దారి ఎక్కడుంది? అంతా విని కొంగుతో చేతులు తుడుచుకుంది.

"అంటే ఆయనకు నేనే తాపిన్నా?"

జబ్బు తొట్టికి ముందే ఉంది కదా అన్నాను. ఆమె వినలేదు. నేనే నల్లా కట్టేసి, తొట్టి మీద రేకు మూశాను. రేపటి నుంచి క్యాన్ నీళ్లు తెప్పించుకోమన్నాను. ఆ ఇసుకను మురికి నాలాలో పోయొద్దని, ల్యాబులో అడిగి చెబుతానని అన్నాను. బయల్దేరేటప్పుడు అక్క గడప దాకా రాలేదు.

సాయంత్రం ఆరు దాటాక ఉప్పుగూడలో తిరుగు బండి ఎక్కాను. నిలబడటానికే చోటు కష్టమైంది. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమంటారు. నేను జారవిడిచిన మాట నిజమే, అదే బాధ. ఈ దారిలో ఎన్నోసార్లు తిరిగాను, పుట్టింటివాడిగా వెళ్లి ఇంత బరువుతో రావడం ఇదే మొదలు.

మలక్‌పేట దగ్గర బావ ఫోన్ చేశాడు. గొంతు తగ్గించి మాట్లాడాడు.

"బామ్మర్దీ, మీ అక్క పొయ్యి ముట్టిస్తలేదు, మూలకు కూసున్నది. సోడా ముచ్చట తప్పని ఒక్క మాట చెప్పు. నాకేమైతదో అయితది, గామె బతకాలె గద."

ఆమెకు ఫోన్ ఇవ్వమన్నాను. ఊపిరి వినిపించింది.

"అక్కా, నేను తప్పు చెప్పిన. మళ్ల చూసిన. సోడాతోని ఏం గాదు."

అక్క మామూలు గొంతుతో అడిగింది.

"అయితే రేపు పొద్దుగాల సోడాతోని కడిగి, తొట్టి మళ్ల నడిపియ్యనా?"

బండి మూసీ మీద పోతోంది. సరేనంటే రేపు బావ ఆ నీళ్లే తాగుతాడు.

"వద్దక్కా," అన్నాను.

"గట్లనా," అంది. బావకు ఫోన్ తిరిగి ఇవ్వకుండానే పెట్టేసింది.