రెండో కోర్టు ఇసుక

నేను రిటైరయ్యే ఏడాది, ఫిబ్రవరి మొదటి వారంలో, నన్ను డిప్యుటేషన్ మీద ఖమ్మం స్టేడియానికి పంపారు. అప్పటికి ఇంజనీరింగ్ శాఖ క్వాలిటీ కంట్రోల్ విభాగంలో డిప్యూటీ ఈఈని. కాలవ గట్లూ కాంక్రీటు దిమ్మెలూ పరీక్షిస్తూ ముప్పై ఏళ్ళు గడిపినవాణ్ణి. ఈసారి అప్పగించిన పని వేరు. యువతీ యువకుల అంతర్జాతీయ బీచ్ వాలీబాల్ పోటీలకు రెండు ఇసుక కోర్టులు తయారు చేయించాలి. సముద్రం మొహం చూడని జిల్లాలో బీచ్ ఏమిటి సార్ అని ఆఫీసంతా నవ్వింది. నేనూ నవ్వి ఆర్డరు కాపీ జేబులో పెట్టుకున్నాను.

బయటివాళ్ళకు తెలియదు గానీ, ఈ ఆట ఇసుకకు ఉండే నిబంధనలు స్లాబు ఇసుకకు కూడా ఉండవు. కనీసం నలభై సెంటీమీటర్ల లోతు పోయాలి. గింజ మరీ సన్నమైతే దుమ్ములా ఒంటికి అంటుతుంది, ముతకైతే చర్మం గీరుకుపోతుంది. రాయి, గవ్వ, పుల్ల ఏదీ కనబడకూడదు. పిల్లలు ఆడేది ఉత్త కాళ్ళతో, బంతి కోసం పడేది బోర్లా. పర్ణశాల దిగువన ప్రభుత్వం తవ్వకానికి అనుమతించిన చోట నేనే శాంపిల్ తీసి, ల్యాబులో జల్లెళ్ళ మీద పరీక్షించి పాస్ చేశాను.

మొదటి కోర్టు ఇసుక అక్కడిదే. రెండో కోర్టుకు లారీలు వెళ్ళేసరికి ఆ దారి కుంగిపోయింది. కాంట్రాక్టరు ఫోన్ చేసి, కాస్త ఎగువన యాత్రికులు స్నానాలు చేసే రేవు పక్కనుంచి నింపుకుంటానన్నాడు. అదే గోదావరి, అదే ఇసుక, ఏం మునిగిందిలే అనుకుని సరేనన్నాను. మళ్ళీ శాంపిల్ తీయలేదు. కోర్టులో పోసే ముందు ఎలాగూ నాలుగు మిల్లీమీటర్ల జల్లెడ పట్టిస్తున్నాం. ఆ ధీమాతోనే రిజిస్టరులో సంతకం చేశాను.

పోటీలకు ముందు రోజు ఉదయం తొమ్మిదింటికి, ఇసుక చదును చేసే ఆడవాళ్ళ మేస్త్రీ ముత్తమ్మ నా దగ్గరకు వచ్చింది. దుమ్ముగూడెం వైపు మనిషి, యాభై ఏళ్ళుంటాయి. అరచెయ్యి చాపింది. అందులో వేలి గోరంత ఆకుపచ్చ గాజు పెంకు.

ఎక్కడిదమ్మా ఇది అన్నాను.

"గోదారమ్మకిచ్చిన గాజు సారూ. గా రేవుకాడ ఆడోళ్లు పసుపు, కుంకుమ, గాజులు నీళ్లల్ల ఇడుస్తరు గదా. రెండో కోర్టుల ఇంకా ఉన్నయ్."

మా ఆవిడ ఏటా అదే రేవులో డజను గాజులు వదులుతుంది. ఆవిడ నీళ్ళలోకి దిగితే గట్టు మీద చెప్పులకు కాపలా ఉండేది నేనే. అయినా కాంట్రాక్టరు రేవు అన్నప్పుడు నా బుర్రకు గాజులు తట్టనే లేదు, ఛీ! జల్లెడ సంగతీ అప్పుడే గుర్తొచ్చింది. సన్నని గాజు పెంకు నిలువుగా నిలబడితే ఎంత పొడుగున్నా కన్నంలోంచి జారిపోతుంది. మొదటి ఏడాదిలోనే చదువుకున్న పాఠం అది.

నిబంధన ప్రకారం వెంటనే టెక్నికల్ సూపర్‌వైజర్‌కు చెప్పాలి. ఆవిడ అంతర్జాతీయ సమాఖ్య పంపిన విదేశీ అధికారి. కోర్టు తెరవాలన్నా మూయాలన్నా ఆవిడ మాటే. చెబితే కోర్టు మూస్తారు, రిటైర్మెంటు ముందు నా సంతకం మీద విచారణ పెడతారు. చెప్పకపోతే సాయంత్రం నాలుగింటి ప్రాక్టీసులో ఏ పిల్ల పొట్టో మోకాలో తెగుతుంది. చెప్పలేదు. భయమేసింది, అంతే. నాలుగింటిలోగా ఎలాగైనా ఏరించమని ముత్తమ్మను బతిమాలాను.

ఆమె తన గుంపులోని ఏడుగురినీ వరసగా నిలబెట్టి చెప్పులు విప్పమంది. ఇసుక గీకే దంతెలు ఉన్నాయి కదా అన్నాను.

"దంతెకేం తెలుస్తది సారూ? కాలికైతే తెలుస్తది."

ఎనిమిది మందీ పాదాలు ఇసుకలోకి నొక్కి ఈడ్చుకుంటూ, కోర్టు ఈ చివర నుంచి ఆ చివరకు నడిచారు. మళ్ళీ వెనక్కి. దొరికిన పెంకులు నా టిఫిన్ డబ్బా మూతలో వేశారు. మధ్యాహ్నానికి మూత నిండుతుంటే నాకు గుబులు పట్టుకుంది. ఇన్ని దొరికితే దొరకనివి ఎన్నో అని.

ఒంటిగంటప్పుడు ముత్తమ్మ "అయ్యో" అని కూలబడింది. మడమ చీరుకుపోయి ఇసుక ఎర్రగా తడిసింది. ఆ రక్తం చూసి నాకు మొదట వచ్చిన ఆలోచన చెప్పాలి కదా, చెప్తాను: పోనీలే, ప్లేయర్ కాదు. ఫస్ట్ ఎయిడ్ గది యాభై అడుగుల్లో ఉంది. అక్కడికి పంపితే ఎలా తెగిందని డాక్టరు అడుగుతాడని పంపలేదు. దవాఖానాకు రేపు పోదువులే అన్నాను. ఆమె కొంగు చింపి కట్టు కట్టుకుంది.

"ఏం గాదు సారూ. జల్దీ గానియ్యాలె."

తడిసిన ఇసుకను తట్టకెత్తించి బయట పారబోయించాను.

నాలుగింటికి ప్రాక్టీసు మొదలైంది. ఏ దేశపు పిల్లలో గుర్తు లేదు, పదిహేడేళ్ళ ఆడపిల్లలిద్దరు. ఒకమ్మాయి సర్వీసు చేస్తే రెండో అమ్మాయి బంతి కోసం ఛాతీ మీద పడి జారుతోంది. పడి లేచినప్పుడల్లా ఒంటి మీద ఎక్కడైనా ఎరుపు కనిపిస్తుందా అని చూసేవాణ్ణి. ఐదో ఆరో సారి పడ్డ పిల్ల లేవలేదు. బోర్లా అలాగే ఉండిపోయింది. అయిపోయింది, పిల్లను చంపాను రా దేవుడా అనుకున్నాను. ఇంతలో ఆ అమ్మాయి నోట్లో ఇసుక ఉమ్ముకుంటూ పకపకా నవ్వుతూ లేచింది.

ఇక నా వల్ల కాలేదు. మూత తీసుకుని సూపర్‌వైజర్ దగ్గరకు పోయి మొత్తం చెప్పేశాను. ఆవిడ కేకలు వేయలేదు. ఎప్పటినుంచి తెలుసని ఒక్కటే అడిగింది. పొద్దుటినుంచి అన్నాను. రెండు నిమిషాల్లో కోర్టు మూయించింది. మర్నాటినుంచి మ్యాచ్‌లన్నీ తెల్లవారినప్పటి నుంచి పొద్దు గూకేదాకా మొదటి కోర్టులోనే జరిగాయి. పోటీలు సవ్యంగా ముగిశాయి. నాకు మెమో వచ్చింది, జవాబిచ్చాను, అది అంతటితో పోయింది.

పోనిది ఒకటుంది. కోర్టు మూసిన రోజు సాయంత్రమే సూపర్‌వైజర్ నాచేత ఘటన నివేదిక ఫారం నింపించింది. ఎవరికైనా గాయాలయ్యాయా అని అందులో ఒక గడి. 'లేవు' అని రాశాను. అబద్ధం రాస్తున్నానని అప్పుడు తట్టనైనా తట్టలేదు. తలుచుకుంటే ఇప్పటికీ భయమేసేది దానికే. నేను రాస్తున్న బల్ల ముందునుంచే ముత్తమ్మతో కలిపి నలుగురు ఆడవాళ్ళు కుంటుకుంటూ గేటు దాటి బస్టాండు వైపు పోయారు. తలెత్తి చూశాను కూడా.

ఈ వృత్తిలోకి వచ్చేవాళ్ళకు చెప్పేది ఇంతే. లారీ ఎక్కడ నిండుతుందో శాంపిల్ అక్కడే తీయండి. గాయాల గడి నింపేముందు, ఇసుకలో ఎవరెవరు కాలు పెట్టారో వాళ్ళ పేర్లన్నీ రాసుకోండి. ఆ ఎనిమిది మందిలో నాకు తెలిసిన పేరు ముత్తమ్మది ఒక్కటే.