దేవుడికని విరిచిన కొమ్మ

మా తాతగారి రోజుల్లో మా దివాణానికి పూలు బళ్ల మీద వచ్చేవట. నా నాటికి దివాణం పోయి, నిటారుగా నడిచే అలవాటు మిగిలింది. ఎనభైల మొదట్లో విశాఖ పోర్టులో గుమాస్తాగా ఉంటూ, సాయంత్రాలు కాస్త మనశ్శాంతి కోసం ఇకెబానా క్లాసులో చేరాను. అది జపాను వాళ్ల పూల అమరిక. అక్కడ కొన్నాళ్లుండి వచ్చిన ఒక ఆఫీసరుగారి భార్య నేర్పేది. బుట్టెడు పూలకన్నా ఒక వంకర కొమ్మే అందమని ఆమె అనేది.

వంకర కొమ్మలు బజారులో అమ్మరు. ఒకరిని అడగడం మా ఇంటావంటా లేదు. ఆఫీసు నుంచి వచ్చేసరికి పొద్దుగూకుతుంది, ఆ వేళ చెట్టు ముట్టుకుంటే ఎవరూ ఊరుకోరు. పొద్దున్నే పూజకని పరాయి పెరట్లో పూలు కోస్తే మాత్రం దొంగ అనరు. అందుకని ఒకనాడు తలస్నానం చేసి, విభూతి పెట్టుకుని, పూలసజ్జ పట్టుకుని వీధి చివరి ఇంటి దేవగన్నేరు దగ్గరికి వెళ్లాను. కొమ్మ విరుస్తూ పట్టుబడితే పరువు దక్కదని తెలుసు.

కొమ్మ పుటుక్కుమంది. ఇంటావిడ బయటికి వచ్చింది. ఆనందపురం వైపు మనిషి, మా వంశం సంగతి ఎరిగినదే.

“పువ్వులన్నీ ఒగ్గీసి కొమ్మ ఇరిసేత్తన్నారేటి బాబూ?”

“మా దేవుడికి ఇదొక్కటి చాలమ్మా,” అన్నాను, తల దించకుండా.

“అయ్యో! మీతోపాటు మీ దేవుడికీ ఆస్తి పోనాదేటి?”

జాలిపడి సజ్జ నిండా పూలు కోసి పోసింది.

దానం పట్టడం మాకు తెలియదు. పూలన్నీ ఆవిడ అరుగు మీదే ఒంపేసి, కొమ్మ ఒక్కటే తెచ్చుకున్నాను. అది దొంగిలించినది కాబట్టి దానం కిందికి రాదు.