ప్యో తాతయ్యకి అర్థం కాలేదు

ప్యో మన్‌సొక్ తాతయ్యకి ఏదీ ఒక్కసారికి అర్థం కాదు. ఇది నా అభిప్రాయం కాదు, ఆఫీసు రికార్డు. ఇంచాన్ రేవు వెనక మూతపడ్డ జింకు పూత ఫ్యాక్టరీ స్థలాన్ని శుభ్రం చేసి పార్కు కడదామని, పేట జనం అభిప్రాయం కోసం మా మున్సిపల్ ఆఫీసు రెండు సభలు పెట్టింది. ఆ రెంటిలో కలిపి ఆయన "అర్థం కాలేదు, మళ్లీ చెప్పండి" అన్నది నలభై ఒక్కసార్లు. మినిట్స్ రాసింది నేనే కాబట్టి చెయ్యినొప్పి కూడా నాదే.

సభలకి మాకో పద్ధతుంది. వచ్చినవాళ్లతో సంతకాలు పెట్టిస్తాం. ఇంజనీరు అరగంట మాట్లాడతాడు. "సందేహాలున్నాయా?" అంటాం. ఎవరూ నోరు మెదపరు. "అభ్యంతరాల్లేవు" అని రాసుకుని, తలా ఒక తువ్వాలిచ్చి పంపేస్తాం. ప్యో తాతయ్య పుణ్యమా అని రెండు సభలూ తెమల్లేదు. ఇంట్లో కిమ్చీ పులుసు చల్లారిపోతోందని జనం లేచిపోయారు. తువ్వాళ్ల పెట్టె విప్పకుండానే తిరిగొచ్చింది.

బ్యాంకులోనూ ఆయనదిదే వరస. ఓసారి క్యూలో నేనూ ఉన్నాను. కౌంటరు అమ్మాయి చేత బీమా పథకం నాలుగుసార్లు చెప్పించుకున్నారు. నాలుగోసారికి వెనకున్న ముసలమ్మ "అమ్మో, ఇంత మెలికుందా? నాకొద్దు" అంటూ వెళ్లిపోయింది. తాతయ్య కూడా ఏమీ తీసుకోకుండా వెళ్లిపోయారు.

మూడో సభ ఆఖరిది. ఎవరూ కాదనకపోతే ప్లాను ఖాయం. నామ్‌గుంగ్ ఇంజనీరు తెర మీద రంగుల బొమ్మ వేసి, "అవశేష కాలుష్యాన్ని యథాస్థానంలో నియంత్రిస్తాం" అన్నాడు.

ముందు వరసలో చెయ్యి లేచింది. "అర్థం కాలేదు, మళ్లీ చెప్పండి."

"అంటే తాతయ్యా, ఉపరితల ఆచ్ఛాదన ద్వారా..."

"అర్థం కాలేదు."

"పైన పొర వేస్తామండీ."

"దేంతో?"

"మంచి మట్టితో. అర మీటరు."

"మరి కింద?"

ఇంజనీరుకి తల ప్రాణం తోకకొచ్చింది. "కింద విషం అలాగే ఉంటుంది! పైన మట్టి కప్పి గడ్డేస్తాం! ఇప్పుడైనా అర్థమైందా?"

హాల్లో అందరికీ అర్థమైంది. తాతయ్య పక్కనున్న జొమ్రే అవ్వ లేచి నిలబడింది. ఫ్యాక్టరీ గోడ పక్క బావినీళ్లతో టోఫు చేసి అమ్ముకునే మనిషి, నోట్లో నాలుక లేనిది. మూడు సభల్లో ఆవిడ గొంతు వినడం అదే మొదలు.

"మొన్న పరీక్షలో నా బావి బాగుందన్నారు. విషం కిందే ఉంటే ఎన్నాళ్లు బాగుంటుంది బాబూ?"

ఇంజనీరు నావైపు చూశాడు. నేను మినిట్స్‌లో "అభ్యంతరం ఒకటి" అని రాశాను. అవ్వ వెనకే ఒక్కొక్కరూ లేచారు. ఆ పూట నేను రాసిన అభ్యంతరాలు యాభై మూడు. రెండేళ్లు పట్టినా సరే, కింది మట్టంతా తవ్వి తీసేయాల్సిందేనని తేలింది.

కుర్చీలు సర్దుతుంటే తాతయ్య మర్చిపోయిన ప్లాను రిపోర్టు దొరికింది. అంచుల నిండా పెన్సిల్‌తో రసాయన సమీకరణాలు. ఆరో పట్టికలో ఇంజనీరు తప్పు దిద్ది ఉంది, మార్కులు కూడా వేసి ఉన్నాయి. నూటికి ముప్ఫై ఎనిమిది.

జొమ్రే అవ్వకి చూపిస్తే పకపకా నవ్వింది. "ఇన్నాళ్లూ తెలీదా? ముప్ఫై నాలుగేళ్లు హైస్కూల్లో కెమిస్ట్రీ చెప్పారు. నేనా, బడి మొహం చూడనిదాన్ని. అడగాలంటే నాకు సిగ్గు. ఆయనకి లేదు."

నాకు మాత్రం సిగ్గేసింది. రిపోర్టు పట్టుకుని బయటికి పరిగెత్తాను.

"మాస్టారూ! మీకు మొదటి సభలోనే అంతా అర్థమైంది కదూ?"

ఆయన కొత్త తువ్వాలు మెడలో వేసుకుని, చెవి నావైపు పెట్టారు.

"అర్థం కాలేదు, మళ్లీ చెప్పు."