ఎడ్ల బేరంలా అడిగిన జీతం

నా తెలివితక్కువ పనుల గురించి ఊళ్ళో చాలామంది చాలా చెబుతారు. అవన్నీ చిల్లరవి. అసలుది నేనే చెబుతాను, నవ్వుకోండి. ఆ పనితో మునిగినంతగా, కృష్ణకి వరదొచ్చినప్పుడు కూడా మా ఇల్లు మునగలేదు.

డెబ్బైల్లో మాట. మాది కంకిపాడు దగ్గర. సంతల్లో ఎడ్ల బేరాలు కుదిర్చి బతికేవాణ్ణి. అప్పటికి అక్షరం ముక్క రాదు, నోరు మాత్రం పెద్దది. బెజవాడలో ఒక ధాన్యం షావుకారు గోడౌనుకి కాపలా మనిషి కావాలన్నాడు. జీతంతో పాటు గది కూడా ఇస్తాడట. నా భార్య మరియమ్మ ఆశంతా ఆ గది మీదే. రెండేళ్ళుగా ఆమెకి దగ్గు. అక్కణ్ణించి పెద్దాసుపత్రికి నడిచి వెళ్ళొచ్చు.

"జీతం ఎంతన్నా సరేనను. గది మాత్రం పోగొట్టకయ్యా," అంది.

"బేరం సంగతి నీకేం తెలుసే! నూటయాభై అడుగుతా. తక్కువంటే తువ్వాలు దులుపుకుని లేస్తా. నాలుగడుగులు వెయ్యకముందే వెనక్కి పిలుస్తాడు. సంతలో ఎన్ని ఎడ్లని అమ్మించలేదు నేను?"

"మరి ఇక్కడ ఎద్దెవరయ్యా?"

సమాధానం నాకప్పుడు తట్టలేదు. మీకు తట్టే ఉంటుంది.

మూడు రోజులు అరుగు మీద రిహార్సల్. ఆమె షావుకారు. దగ్గుతూనే "నూటిరవై!" అనేది. నేను పట్టాభిషేకానికి బయల్దేరిన రాజులా లేచేవాణ్ణి.

షావుకారు నిజంగానే నూటిరవై అన్నాడు.

"నూటయాభై అండీ."

"గది ఉందిగా. నూటిరవయ్యే."

తువ్వాలు దులిపాను. లేచాను. ఒక అడుగు. రెండు. మూడోది పెళ్ళికూతురికన్నా నెమ్మదిగా వేశాను. గేటు దగ్గర ఆగి, కాల్లో లేని ముల్లు వెతుక్కున్నాను. అప్పుడు వెనకనుంచి కేక వినబడింది.

"తరవాత ఎవరోయ్? రా!"

ఇంటికెళ్ళి చెబితే మరియమ్మ పడిపడి నవ్వింది. ఆ నవ్వు దగ్గులోకి దిగింది. తేరుకుని, "పొద్దున్నే పో. ఇచ్చిందే పుచ్చుకుంటానని చెప్పు," అంది.

మొదటి బస్సుకే వెళ్ళాను. ఆ గది ముందు ఎవరో ఆడమనిషి పొయ్యి రాజేస్తోంది.

"నిన్ననే ఇచ్చేశానోయ్," అన్నాడు షావుకారు. "అంత నెమ్మదిగా నడిచావు, ఒక్కసారి వెనక్కి తిరగలేకపోయావా?"

కోతల దాకా మరియమ్మ ఉండలేదు.

కాబట్టి మీ అందరి ఎదుటా ప్రమాణం చేస్తున్నాను: ఈ కట్టె కాలేదాకా మళ్ళీ బేరమాడను. వంకాయలమ్మే ఆవిడ నన్ను చూడగానే రేటు పెంచుతుంది. చెప్పినంతా ఇచ్చేస్తాను. కాదంటే తట్ట ఎత్తుకుని వెళ్ళిపోతుందేమోనని భయం.