డయ్యూ కోటకు నా బదులు వెళ్లిన గులకరాయి

మా చిన్నప్పుడు... ఏలూరులో మా ఇంటి అరుగు మీద నాన్నగారు సుద్దముక్కతో డయ్యూ కోట గీసేవారు. ఆయన హైస్కూల్లో చరిత్ర మాస్టారు. గుజరాత్ చివర సముద్రంలో ఊరు, చుట్టూ రాతి ప్రాకారం, గోడను కొట్టే అలలు... ఏ బురుజు ఎక్కడుందో నేను గడగడా అప్పజెప్పేదాన్ని. అన్నయ్య ఆవలించేవాడు.

ఒక వేసవిలో అక్కడికే ప్రయాణం. అమ్మ చంటిబిడ్డ తల్లి, రాలేదు. ఇక నాన్నగారు, అన్నయ్య, నేను. నా గౌన్లు ట్రంకుపెట్టెలోకి వెళ్లాయి కూడా...

ముగ్గురు కలిసి బయల్దేరకూడదంది బామ్మ. ఒకరు ఆగాలట. ఎవరన్న చర్చ జరగనేలేదు. నాన్నగారే నా గౌన్లు తీసి దండెం మీద వేశారు.

"కోట ఎక్కడికీ పోదులేవే. పెద్దయ్యాక చూద్దువుగాని."

శాస్త్రం కదా అని నమ్మాను.

తిరిగొచ్చాక అన్నయ్య నిక్కరు జేబులో గులకరాయి కనిపించింది. ఏమిటిదని అడిగాను.

"బెజవాడలో బాబాయి కొడుకు కూడా రైలెక్కాడే. ముగ్గురమయ్యాం కదా... నాలుగో మనిషిగా రాయిని పెట్టుకుంటే దోషం పోతుందట. నాన్నగారే ఏరి ఇచ్చారు."

విరుగుడు ఆయనకు తెలుసన్నమాట. రాయికి చోటు దొరికింది... పాఠం అప్పజెప్పిన పిల్లకు దొరకలేదు. తర్వాత నేను చరిత్రలోనే ఎం.ఏ. చేశాను. నాన్నగారిని మాత్రం ఒక్క సందేహమూ అడగలేదు.

కిందటి నెల కొండాపూర్‌లో ఉండే మా మనవరాలు, దాని మొగుడు నన్ను డయ్యూ తీసుకెళ్లారు. లెక్క చూస్తే ముగ్గురం. వాళ్ల బాల్కనీ పూలకుండీలోంచి ఒక రాయి తీసి హ్యాండ్‌బ్యాగులో వేసుకున్నాను.

ఎయిర్‌పోర్టులో తనిఖీ చేసే అమ్మాయి దాన్ని పైకెత్తి చూసింది. "ఏందమ్మా గిది, బ్యాగుల రాయి పెట్టుకున్నవ్?"

"మా నాలుగో మనిషి తల్లీ. టిక్కెట్టు తీసుకోలేదు."

నవ్వి వదిలేసింది.

నాన్నగారు నిజమే చెప్పారు. కోట ఎక్కడికీ పోలేదు... నా మోకాళ్లే పోయాయి. మనవరాలు ప్రాకారం ఎక్కి వీడియో కాల్‌లో సముద్రం చూపించింది. నేను కింద నీడలో కూర్చుని, ఏ బురుజు ఎటుందో ఫోన్లో దానికి చెప్పాను. ఒక్కటీ తప్పు పోలేదు.

రాయిని అక్కడే సముద్రంలో పారేసి ఆయన్ని క్షమించేద్దామనుకున్నాను. చెయ్యి రాలేదు. వెనక్కి తెచ్చుకున్నాను.

ఇప్పుడు ఇళ్లలో ముగ్గురు కలిసి బయల్దేరడమే తక్కువ... ఎవరి క్యాబ్ వారిదే. శాస్త్రం అడ్డుపెట్టి మీ ఇంట్లో ఆపేసింది ఎవరినండీ? రాయండి... ఈసారి వాళ్లు బయల్దేరేటప్పుడు చెప్పండి. రాయి నా దగ్గరుంది.