అమాస మర్నాటి రేటు చీటీ

మగ్గాల ఇండ్లల్లో అమాసనాడు మగ్గం ముట్టరు. తాతల కాలం నుంచి మాకు అదే సెలవు, ఆదివారం గీదివారం తెలీదు. మా మగ్గం ఆగిపోయి నేను తిరువళ్ళూరులో ఒక సూపర్‌మార్కెట్‌లో పనికి చేరినప్పుడు గూడా, ఆదివారాలన్నీ వస్తాను, అమాసకు మాత్రం రానని మేనేజర్‌తో కొట్లాడి ఒప్పించినాను. ర్యాకుల మీద రేటు చీటీలు మార్చేది నా పని.

ఒక తూరి సరిగ్గా అమాసనాడే నూనె రేటు పెరిగింది. కంప్యూటర్లో మార్చినారు, ర్యాకు మీద ఎవురూ మార్చలేదు. నేను లేకుంటే ఆ చీటీల సంగతి ఎవురికి పట్టింది!

మర్నాడు పొద్దున్నే కౌంటర్ కాడ గొడవ. ఒక అవ్వకు నూనె డబ్బాకు నూట అరవైమూడు బిల్లు పడింది. ర్యాకులో నూట నలభైఎనిమిదే ఉందని ఆమె వాదన. బిల్లు వేసే పిల్లేమో, నువ్వే తప్పు చూసినావంటాది. మతి తప్పుతా ఉందని కోడలు తనను బయటికి పంపడం మానేసిందని, ఈ ఒక్కసారి చూడమని బతిమాలి ఒంటిగా వచ్చినానని అవ్వ ఏడుపు గొంతుతో చెప్పుకొచ్చింది. లెక్క తప్పితే ఇంక గడప దాటనియ్యరంట. రా, చూపిస్తానని కర్ర చేతికి తీసుకుంది.

మేనేజర్ నా పక్కకొచ్చి మెల్లిగా అన్నాడు. "అక్కా, ఆమె వచ్చేలోపల చీటీ మార్చెయ్. లేదంటే రేపట్నుంచి పనికి రావొద్దు."

నాకు ఒళ్ళు మండింది. తప్పు మాది, ఆ ముసలామెది కాదు. ఆ మాట వాడి మొగానే అనేద్దామనుకున్నాను. ఇంట్లో ఆయనకు పని లేదు, నా ఒక్కదాని జీతంతోనే పొయ్యి వెలగతా ఉండాది. గబగబా పోయి పాతది పీకి జాకెట్లో దోపుకోని, కొత్తది అంటించినాను. పాపిష్టి చేతులు.

అవ్వ వచ్చింది. కండ్లద్దాలు తుడుచుకోని చీటీని రెండుసార్లు చదివింది. పక్క డబ్బాలవి గూడా చూసింది. తర్వాత నా మొగం చూసింది.

"పాపా, ఇందాక నూట నలభైఎనిమిదే కదా ఉండింది?"

"లేదవ్వా," అన్నాను.

ఆమె కౌంటర్ కాడికి తిరిగి పోయి, ఆ బిల్లు పిల్ల చెయ్యి పట్టుకోని, తప్పు నాదే తల్లీ, మా కోడలు చెప్పేది నిజమే అనింది.